హోమ్ థియేటర్ స్పీకర్లను, సబ్‌వూఫర్‌ను సాఫ్ట్‌వేర్‌తో కొలవడం ఎలా?

ఒక పాటలో బేస్ గిటార్ వరసగా నాలుగు స్వరాలు పలికితే, అందులో ఒకటి గదంతా గుంయ్‌మంటుంది, దాని పక్కది చెవికి ఆనదు. వాయించినవాళ్లు రెండింటినీ సమానంగానే వాయించారు. తేడా తెచ్చింది మీ గది. సుమారు 200 హెర్ట్జ్ కంటే కింద స్పీకర్ ఎంత మంచిదైనా పైచేయి గదిదే. గది ఏం చేస్తోందో చెవితో ఊహిస్తూ కూర్చోనక్కర్లేదు, గ్రాఫ్‌లో చూడొచ్చు. అందుకు ఒక ల్యాప్‌టాప్, కొలతల కోసమే చేసిన మైక్, రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. జాన్ మల్కాహీ తయారుచేసిన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది.

మైక్, దాని ఫైలు

ఫోన్ మైక్‌తోనో, పాటలు పాడే మైక్‌తోనో సరిపెట్టుకోవద్దు. వాటి లోపాలన్నీ గ్రాఫ్‌లోకి వచ్చి గది మీద పడతాయి. మినీడీఎస్‌పీ వాళ్ల యూమిక్-1 లాంటి యూఎస్‌బీ మైక్ తీసుకోండి. ప్రతి మైక్‌కీ దాని సీరియల్ నంబర్ మీద విడిగా కాలిబ్రేషన్ ఫైలు (ఆ మైక్ లోపాలను సరిదిద్దే లెక్కలు) ఇస్తారు. దాన్ని డౌన్‌లోడ్ చేసుకుని, సాఫ్ట్‌వేర్ అడిగినప్పుడు చూపించాలి. మైక్‌ను స్పీకర్ వైపు చూపిస్తే సున్నా డిగ్రీల ఫైలు, పైకప్పు వైపు నిటారుగా నిలబెడితే 90 డిగ్రీల ఫైలు వాడాలి. హోమ్ థియేటర్‌లో స్పీకర్లు చుట్టూ ఉంటాయి కాబట్టి నేను ఎప్పుడూ నిటారుగానే పెడతాను. సబ్‌వూఫర్ (సబ్, అంటే బేస్ మాత్రమే మోగించే స్పీకర్) ఒక్కదానికైతే మైక్ ఎటు చూసినా తేడా రాదు.

మైక్‌కు తప్పనిసరిగా స్టాండ్ ఉండాలి. సోఫాలో దిండ్లు పేర్చి వాటి మీద పెడితే దిండ్లు కూడా కొలతలోకి వస్తాయి. మీరు కూర్చున్నప్పుడు తల ఎక్కడ ఉంటుందో అక్కడ, చెవుల ఎత్తులో మైక్ మొన ఉండాలి. స్టాండ్ కాళ్లు ఆనిన చోట నేల మీద టేపు అతికించండి. రేపు మళ్లీ కొలిచినప్పుడు అదే చోటు దొరకాలి.

ముందు ఆపాల్సినవి

కొలిచేటప్పుడు ఫ్యాను, ఏసీ ఆపేయాలి. రిసీవర్‌లో (స్పీకర్లన్నిటికీ సౌండ్ పంపే ఆంప్లిఫయర్ పెట్టె) సౌండ్‌ను తనంతట తాను మార్చే ఫీచర్లన్నీ ఆఫ్ చేయాలి. ల్యాప్‌టాప్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్లు కూడా తీసేసి, శాంపుల్ రేటు 48 కిలోహెర్ట్జ్‌కు పెట్టండి. ల్యాప్‌టాప్ నుంచి రిసీవర్‌కు హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ కలిపితే ఏ స్పీకర్‌ను కావాలంటే దాన్ని విడిగా మోగించొచ్చు. విండోస్‌లో సాధారణంగా మొదటి ఛానల్ ఎడమ, రెండోది కుడి, మూడోది సెంటర్, నాలుగోది ఎల్‌ఎఫ్‌ఈ, అంటే సబ్‌కు వెళ్లే బేస్ ఛానల్.

వాల్యూమ్ బాగా తగ్గించి మొదలుపెట్టండి. మెజర్ విండోలో చెక్ లెవెల్స్ నొక్కితే శబ్దం వస్తుంది. మైక్ దగ్గర 75 డెసిబెల్స్ చుట్టూ వచ్చేదాకా రిసీవర్ వాల్యూమ్ మెల్లగా పెంచి అక్కడ వదిలేయండి. ఇక పని అయ్యేదాకా ఆ వాల్యూమ్ ముట్టుకోవద్దు.

మూడు కొలతలు

మొదట ఎడమ స్పీకర్ ఒక్కటే. సబ్ పవర్ ఆపి, 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా స్వీప్ ఇవ్వండి. స్వీప్ పొడవు 256కె పెడితే అయిదున్నర సెకన్లు పడుతుంది. కింది నుంచి పైకి ఈలలా సాగే శబ్దం వస్తుంది, అది ఆగేదాకా కదలకండి. వెంటనే ఏమీ మార్చకుండా అదే కొలత మళ్లీ తీయండి. రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడితేనే మీ ఏర్పాటు సరిగ్గా ఉన్నట్టు. పడకపోతే ఎక్కడో శబ్దం కలుస్తోంది, లేదా మైక్ కదిలింది. ఈ చిన్న పరీక్షను చాలామంది దాటేసి, తర్వాత గంటల తరబడి తప్పుడు గ్రాఫ్‌తో కుస్తీ పడతారు.

రెండోది సబ్ ఒక్కటే. సబ్ ఆన్ చేసి, ఎల్‌ఎఫ్‌ఈ ఛానల్ మీద 15 నుంచి 200 హెర్ట్జ్ దాకా చాలు. ఈ ఛానల్‌కు రిసీవర్ 10 డెసిబెల్స్ అదనంగా కలుపుతుంది కాబట్టి గీత ఎత్తుగా కనిపిస్తే కంగారు పడొద్దు. మూడోది ఎడమ స్పీకర్, సబ్ కలిసి. స్పీకర్‌ను రిసీవర్‌లో స్మాల్‌గా (బేస్‌ను సబ్‌కు వదిలేసే సెట్టింగ్), క్రాసోవర్‌ను (ఎక్కడి నుంచి కింది శబ్దం సబ్‌కు వెళ్లాలో చెప్పే అంకె) 80 హెర్ట్జ్‌గా పెట్టి, ఎడమ ఛానల్‌కే స్వీప్ ఇస్తే కింది భాగం సబ్‌కు వెళ్లిపోతుంది. ఇదే పని కుడి, సెంటర్ స్పీకర్లకూ చేయండి.

ఒక స్పీకర్ శబ్దం మరొకదాని కంటే ఎంత ముందు వచ్చిందో తెలియాలంటే అకౌస్టిక్ టైమింగ్ రిఫరెన్స్ ఆన్ చేయాలి. అప్పుడు స్వీప్‌కు ముందు మీరు ఎంచుకున్న స్పీకర్ నుంచి ఒక సన్నని కిచకిచ వినిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ కాలాన్ని దాన్నుంచి లెక్కపెడుతుంది. అన్ని కొలతలకూ అదే స్పీకర్‌ను రిఫరెన్స్‌గా ఉంచండి.

గ్రాఫ్ చదవడం

బేస్ చూసేటప్పుడు అడ్డంగా 15 నుంచి 200 హెర్ట్జ్, నిలువుగా 50 నుంచి 100 డెసిబెల్స్ మాత్రమే కనిపించేలా పెట్టండి. స్మూతింగ్ (గీతలోని ఎగుడుదిగుళ్లను నున్నగా చేయడం) వద్దు, మరీ అయితే 48లో ఒక వంతు (1/48) చాలు. ఎక్కువ స్మూతింగ్ పెడితే గీత అందంగా కనిపిస్తుంది, గుంటలు మాయమవుతాయి, గదిలో మాత్రం అలాగే ఉంటాయి. పైభాగానికి ఆరో వంతు (1/6) స్మూతింగ్ సరిపోతుంది.

గుట్టలు, గుంటలు ఎక్కడివో లెక్క కట్టొచ్చు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఆ అంకెను గది పొడవుకు రెట్టింపుతో భాగించండి. 5 మీటర్ల గదికి 34 హెర్ట్జ్, 4 మీటర్లకు 43, 3 మీటర్లకు 57 వస్తుంది. మీ గ్రాఫ్‌లో గుట్ట సరిగ్గా అక్కడే లేస్తే కారణం గదికున్న ఆ పొడవే. స్పీకర్ వెనక గోడ వల్ల వచ్చే గుంటకూ లెక్క ఉంది. గోడకు స్పీకర్ ముందు భాగానికీ మధ్య ఒక మీటరు ఉంటే 86 హెర్ట్జ్ దగ్గర గుంట పడుతుంది.

నా గది పొడవు 5 మీటర్లు. సోఫా సరిగ్గా నడిమధ్యన ఉండేది. 34 దగ్గర గీత ఒక్కసారిగా బావిలోకి దిగినట్టు పడిపోయింది. ఈక్వలైజర్‌లో అక్కడ 6 డెసిబెల్స్ పెంచాను. గీత కదిలితే ఒట్టు, సబ్ కోన్ మాత్రం ఆయాసపడుతూ గొణగడం మొదలుపెట్టింది. పొడవును బట్టి వచ్చే మొదటి అనునాదానికి గది నడిమధ్యన బలం సున్నా, అక్కడ ఎంత పోసినా నిలవదు. సోఫా 60 సెంటీమీటర్లు వెనక్కి జరిపి మళ్లీ స్వీప్ ఇచ్చాను. గుంట చాలావరకు పూడింది, అదీ ఒక్క ఫిల్టర్ (ఈక్వలైజర్‌లో చేసే మార్పు) కూడా లేకుండా. అందుకే చెప్తున్నా, ముందు సోఫా, ఆ తర్వాత సబ్, చివర్న ఈక్వలైజర్.

సబ్‌కు చోటు వెతకడానికి సులువైన దారి ఉంది. సబ్‌ను మీరు కూర్చునే చోటే పెట్టి, మైక్‌ను సబ్ పెట్టడానికి వీలున్న మూలల్లో, గోడల పక్కన నేలకు దగ్గరగా పెట్టి కొలుస్తూ పోండి. ఏ గీత చదునుగా ఉందో సబ్ అక్కడికి వెళ్లాలి.

సబ్, స్పీకర్ కలిసే చోట

మూడో కొలతలో 60 నుంచి 120 హెర్ట్జ్ మధ్య చూడండి. విడివిడిగా బాగున్న రెండు గీతలు కలిసినప్పుడు 80 దగ్గర గుంట పడిందంటే అవి ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. రిసీవర్‌లోని సబ్ దూరాన్ని 30 సెంటీమీటర్ల చొప్పున మారుస్తూ ప్రతిసారీ కొలవండి. 30 సెంటీమీటర్లంటే సుమారు 0.9 మిల్లీసెకన్లు. టేపుతో కొలిచిన దూరానికి ఈ అంకె కలవకపోయినా ఫరవాలేదు. సబ్ లోపలి సర్క్యూట్లే కొంత ఆలస్యం చేస్తాయి, ఆ సెట్టింగ్ నిజానికి దూరం కాదు, ఆలస్యం. సరైన అంకె దొరికిందని అనిపించాక సబ్ ఫేజ్‌ను 180 డిగ్రీలకు తిప్పి, అంటే దాని అలను తలకిందులు చేసి, ఒకసారి కొలవండి. 80 దగ్గర లోతైన గుంట పడితే మీ అంకె సరైనదే. ఫేజ్ మళ్లీ సున్నాకు పెట్టేయండి.

ఇక ఈక్వలైజర్

ఇక్కడ గుట్టలను మాత్రమే కోయండి, గుంటలను పూడ్చే పని పెట్టుకోవద్దు. అయిదారు చోట్ల, అంటే మీ సీటు, దాని చుట్టుపక్కల కొలిచి, వాటి సగటు గీత మీద ఫిల్టర్లు వేయండి. ఒక్క చోటికే వేస్తే పక్కన కూర్చున్నవాళ్లకు చెడిపోతుంది. రెండు మూడు ఫిల్టర్లతో ఆగిపోతే మంచిది. ఫిల్టర్ వేయకముందు, వేసిన తర్వాత వాటర్‌ఫాల్ గ్రాఫ్ (ఏ స్వరం ఎంతసేపటికి ఆరిపోతుందో చూపేది) తీసి పోల్చండి. గుట్ట దగ్గర స్వరం ఆగిపోయాక కూడా సాగే పొడవాటి తోక కనిపిస్తుంది. గుట్ట కోస్తే సాధారణంగా తోక కూడా పొట్టిదవుతుంది, గుంయ్‌మనే మోత తగ్గేది అందువల్లే.

బేస్ పూర్తిగా చదునుగా ఉండాలన్న నియమం లేదు. పైభాగం కంటే బేస్ కొన్ని డెసిబెల్స్ ఎత్తుగా ఉంటేనే చాలామందికి నచ్చుతుంది, నాకూ అంతే. సబ్ లెవెల్ పెంచుకోండి, కానీ పెంచాక ఇంకో స్వీప్ ఇచ్చి డిస్టార్షన్ (శబ్దం చెడిపోవడం) గ్రాఫ్ చూడండి. 20, 30 హెర్ట్జ్ దగ్గర అది ఎగబాకితే సబ్ సత్తా అయిపోయినట్టే, కాస్త తగ్గించండి.

ప్రతి కొలతకూ అప్పటికప్పుడే పేరు పెట్టండి: తేదీ, ఏ స్పీకర్, సబ్ ఎక్కడ ఉంది, దూరం ఎంత. ఒకసారికి ఒకటే మార్చండి. సోఫా, సబ్ రెండూ ఒకేసారి జరిపితే గీత మారింది దేనివల్లో చెప్పలేరు, ఆ సాయంత్రం కొలతలన్నీ మళ్లీ మొదటి నుంచి తీయాల్సి వస్తుంది.