నాలుగో దేవగన్నేరు కొమ్మ

మా ఇంట్లో మొదటి మూడు దేవగన్నేరు కొమ్మల్నీ చంపింది నేనే. తెగులూ కాదు, పురుగూ కాదు, నా చేతిలో చెంబు. తెచ్చిన రోజే కుండీలో గుచ్చి, రెండు పూటలా తడిపాను. నెల తిరక్కుండానే మొదలు మెత్తబడింది. నొక్కితే లోపలంతా గోధుమరంగు గుజ్జు. విసుగొచ్చి నాలుగోదాన్ని పట్టించుకోలేదు. అదిప్పుడు పిట్టగోడ దాటి పూస్తోంది.

లేత పచ్చికొమ్మ తీసుకోకండి, తొందరగా కుళ్లుతుంది. బూడిదరంగు తిరిగిన ముదురు కొమ్మ కావాలి: బొటనవేలంత లావు, అడుగు నుంచి అడుగున్నర పొడవు. చలి పోయి ఎండలు మొదలయ్యే రోజుల్లో, కొత్త చిగురు రాకముందు కోస్తే మంచిది. కోసినచోట తెల్లటి పాలు బొటబొటా కారతాయి. ఒంటికి తగిలితే దురద, కంట్లో పడితే మంట. చేతికి తొడుగు వేసుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. కొమ్మకున్న ఆకులన్నీ తుంచేయాలి.

ఇక ఓపికకు పరీక్ష. కోసిన కొమ్మను వెంటనే నాటకూడదు. గాలాడే నీడలో వారం నుంచి 2 వారాలు ఊరికే పడేయండి. కోత మీద గట్టిగా పొక్కు కట్టాలి. అది కట్టకముందే తడి తగిలితే కుళ్లు అక్కణ్ణుంచే లోపలికి పాకుతుంది. ఈలోగా కొమ్మ కాస్త ముడతలు పడుతుంది, కంగారుపడకండి. కాండం నిండా నీళ్లు దాచుకునే చెట్టిది.

మట్టిలో సగం ముతక ఇసుక, మిగతాది తోటమట్టి, ఓ గుప్పెడు బాగా మాగిన ఎరువు. కుండీ అడుగున చిల్లులు పెద్దవిగా ఉండాలి. 3, 4 అంగుళాల లోతున గుచ్చి, పక్కన కర్ర పాతి కట్టేయండి. కొత్త వేరు సుతిమెత్తనిది, కొమ్మ ఊగితే పుటుక్కున తెగిపోతుంది. నాటిన రోజు ఒకసారి నీళ్లు. ఆ తర్వాత మట్టి పూర్తిగా ఎండితేనే, అదీ కొంచెం.

రెండు ఆకులు విప్పుకోగానే వేరు పట్టిందని సంబరపడతాం. అవి కొమ్మలో ఉన్న నిల్వతో వచ్చినవి, నమ్మొద్దు. వేళ్లు రావడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. చూద్దామని పీకితే మళ్లీ మొదటికే. నా రెండో కొమ్మను తడపడమే కాక అలా పీకి కూడా చూశాను, మొదటిదాని చావు కళ్లారా చూశాక!

వేరూనాక అడిగేది ఎండే. రోజుకు 6 గంటలైనా తగలకపోతే ఆకులు తప్ప పూలుండవు. యూరియా లాంటి నత్రజని ఎరువులు పోసినా అంతే, కొమ్మలు సాగుతాయి, గుత్తి రాదు. గుత్తి వేసేది కొమ్మ చివర. పూసిన చివర దగ్గర రెండో మూడో కొత్త కొమ్మలు చీలతాయి, కాబట్టి పూసినకొద్దీ చెట్టు గుబురవుతుంది. కత్తిరించాలంటే చలికాలం చివర్లో, ఆకులు లేనప్పుడు. వానల్లో కత్తిరిస్తే ఆ ఏడు పూలకు నీళ్లొదులుకోవడమే.

అన్నట్టు, ఆ పూలలో తేనె ఉండదు. రాత్రిపూట వాసన చిమ్మి రెక్కల పురుగుల్ని రప్పిస్తుంది; అవి ఊరికే పువ్వు పువ్వూ వెతుక్కుని పోతాయి. దొంగ చెట్టు.

వానాకాలంలో ఆకు అడుగున నారింజరంగు పొడి కనిపిస్తే అది తుప్పు తెగులు. ఆ ఆకులు, కింద రాలినవి ఏరి దూరంగా పారేయండి. నీళ్లు మొదట్లోనే పోయండి, ఆకుల మీద కాదు. పిండినల్లి పడితే వేపనూనె కలిపిన సబ్బునీళ్లు కొట్టండి.

చలికి ఆకులన్నీ రాలిపోతాయి. ఆకు కొన గుండ్రంగా ఉండే రకమైతే అంతగా రాల్చదు కానీ, మొనదేలిన ఆకుల రకం మొద్దులా మిగులుతుంది. చచ్చిందేమోనని నీళ్లు గుమ్మరిస్తే నిజంగానే చస్తుంది. ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అన్నారు కదా, ఈ కాలంలో రెండు ముక్కలూ దీనికే. అనుమానముంటే గోరుతో బెరడు కొద్దిగా గీరండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. కొమ్మ చివర పచ్చటి మొన పొడుచుకొచ్చాకే మళ్లీ చెంబు తీయండి.