ఆపద మిత్రలో చేరాలనుకునే మాజీ సైనికులకి: అప్లికేషన్ ఎక్కడ ఆగుతోందంటే

వరదలు, తుఫాన్లు వచ్చినప్పుడు ఊళ్లో ముందుగా దిగే వాలంటీర్లని తయారుచేయడానికి జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పెట్టిన స్కీమ్ ఆపద మిత్ర. 2016లో 30 జిల్లాల్లో మొదలై తర్వాత 350 జిల్లాలకి పెంచారు. ఇది ఉద్యోగం కాదు, జీతం లేదు. 12 రోజుల ట్రైనింగ్, కిట్, ఐడీ కార్డు, ఇన్సూరెన్స్, అంతే. పోస్టు ఇప్పిస్తానని ఎవడైనా డబ్బులడిగితే అక్కడే లేచొచ్చేయండి.

ముందు కలెక్టరేట్‌లో విపత్తు నిర్వహణ సెక్షన్‌కి వెళ్లి మన జిల్లా లిస్టులో ఉందా, కొత్త బ్యాచ్ ఉందా, ఉంటే ఎప్పుడు అని కనుక్కోండి. యువ ఆపద మిత్ర అంటే అది వేరే, ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలది. ఆపద మిత్రకి చదువు ఏడో తరగతి చాలు. వయసు 18 నుంచి 40 అని చూడగానే 46 ఏళ్ల హవల్దార్ గారు వెనక్కి తిరిగిపోతారు, అలా పోకండి, మాజీ సైనికులకి పై వయసు సడలించొచ్చని గైడ్‌లైన్స్‌లోనే ఉంది. నోటితో అడిగితే కాదనేస్తారు, అప్లికేషన్‌లోనే సడలింపు కోరుతున్నానని ఒక లైన్ రాయండి.

ఇక అసలు తంటా పేరు దగ్గర. సర్వీసు అయిపోయినప్పుడు సైన్యం ఇచ్చే డిశ్చార్జ్ బుక్‌లో ఇంటిపేరు లేకుండా ఉత్త పేరే ఉంటుంది, లేదా భర్తీ రోజు క్లర్క్ విన్నట్టు రాసుకున్న స్పెల్లింగ్ ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరు ముందు, బ్యాంకులో వెనక, చూసేవాళ్లకి ముగ్గురు మనుషుల్లా కనిపిస్తాం. చిన్న విషయమే కదా అనిపిస్తుంది గానీ రేపు డ్యూటీలో ఏదన్నా అయితే ఇన్సూరెన్స్ కోసం తిరగాల్సింది ఇంట్లోవాళ్లు. కాబట్టి ఫారం ఇచ్చే ముందే జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసుకి వెళ్లి మాజీ సైనికుల గుర్తింపు కార్డులో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో పక్కపక్కన పెట్టి చూసుకోండి. తేడా ఆధార్‌లో ఉంటే ఆధార్ సెంటర్‌లో అయిపోతుంది. డిశ్చార్జ్ బుక్‌లో ఉంటే మాత్రం మీ రెజిమెంట్ రికార్డ్ ఆఫీసే దిద్దాలి, టైం పడుతుంది, అప్లికేషన్ ఎలా పంపాలో సైనిక సంక్షేమ ఆఫీసులోనే చెప్తారు. పెన్నుతో మీరే దిద్దారో, ఆ బుక్కు ఇంకెక్కడా చెల్లదు.

డిశ్చార్జ్ అప్పుడు షేప్-1, అంటే సైన్యం లెక్కలో పూర్తి ఫిట్ అనే మెడికల్ కేటగిరీ, ఉంది కదా అని ఊరుకోవద్దు, అది ఆనాటి మాట, ఇప్పుడు ఫిట్ అని గవర్నమెంట్ డాక్టర్ దగ్గర కొత్త సర్టిఫికెట్ రాయించుకోండి. ఒరిజినల్ డిశ్చార్జ్ బుక్ ఎవరు అడిగినా చూపించి వెనక్కి తీసుకోండి, జిరాక్స్ మాత్రమే ఇవ్వండి. ఫారం ఇచ్చాక రెండో కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోకుండా కౌంటర్ వదలొద్దు.