రాత లెక్కలతో పిల్లలకు స్థానమార్పిడి కూడికలు ఎలా నేర్పాలి?

27, 15 కలపమంటే 312 అని రాసిన పిల్లవాడికి కూడిక రాదని తేల్చేసే పెద్దలు చాలామంది ఉన్నారు. నిజానికి వాడికి కూడిక వచ్చు. ఏడూ ఐదూ పన్నెండని, రెండూ ఒకటీ మూడని సరిగానే లెక్కగట్టాడు. పన్నెండులో ఉన్న ఆ ఒకటి ఒక పది అని, పది ఒకట్లు పోగయ్యాక వాటికి ఒకట్ల స్థానంలో చోటుండదని మాత్రం వాడికి ఎవరూ చూపించలేదు. ఆ పది ఒకట్లను ఒక పదిగా మార్చి పదుల స్థానంలోకి పంపడమే స్థానమార్పిడి. చూపించాల్సిన చోట "రెండు వేసి, చేతిలో ఒకటి ఉంచుకో" అని ఒక్క మాట చెప్పి ముందుకు సాగిపోవడం వల్లే పై తరగతులకు వెళ్లాక కూడా ఇదే తప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

చాలాచోట్ల ముందు అంకెలతో కూడికలు చేయించి, అవి వచ్చాక అభ్యాసం చివర రాత లెక్కలు, అంటే చిన్న కథలా మాటల్లో ఉండే లెక్కలు ఇస్తారు. ఈ వరుసను తిరగేయాలి. రాత లెక్కే ముందు రావాలి, పద్ధతి దానిలోంచి పుట్టాలి. కాగితం మీద 312 అన్న జవాబు చూసి పిల్లలకు ఏ అనుమానమూ రాదు. అదే ఒక రోజు 27 పేజీలు, మరుసటి రోజు 15 పేజీలు చదివితే రెండు రోజుల్లో మూడు వందల పేజీలు దాటాయా అని అడగండి, రెండో తరగతి పిల్లలు కూడా తల అడ్డంగా ఊపుతారు. తప్పును తామే పట్టుకునే ఈ అవకాశాన్ని ఒట్టి అంకెలు ఇవ్వలేవు.

కావలసినవి

ఒకే పొడవున్న పుల్లలు నూట యాభై, రబ్బరు బ్యాండ్లు ఓ పదిహేను, ఒక పలక, పదులు, ఒకట్లు అని రెండు నిలువు గడులు గీసిన పెద్ద కాగితం. ఇంతకు మించి ఏమీ కొనక్కరలేదు. గణితవేత్త జోల్టాన్ డీన్స్ పేరుతో ప్రసిద్ధమైన దిమ్మెలు చాలా బడుల్లో ఉంటాయి. అవి చక్కని సాధనాలే అయినా మొదటి పాఠానికి నేను వాటిని ఒప్పుకోను. వాటిలో ఒకటికి ఒక చిన్న దిమ్మె ఉంటే, పదిని సూచించే కడ్డీ ముందే తయారై వస్తుంది. పది చిన్న దిమ్మెలను పక్కన పెట్టి వాటి బదులు ఒక కడ్డీ తీసుకోమంటే, అది మనం పెట్టిన నియమం అని పిల్లలు అనుకుంటారు. పది పుల్లలను తమ చేత్తో కట్ట కట్టినప్పుడు మాత్రం కొత్త వస్తువు ఏదీ రాలేదని, ఉన్నవే కట్టగా మారాయని వారికి తెలుస్తుంది. అనుమానం వస్తే కట్ట విప్పి లెక్కపెట్టుకోవచ్చు కూడా.

ముందు చూసుకోవలసినవి

ఎనిమిదికి ఎంత కలిపితే పది అవుతుందో, ఆరుకు ఎంత కలిపితే పది అవుతుందో పిల్లలు వేళ్లు మడవకుండా చెప్పగలగాలి. 34 అంటే మూడు పదులు, నాలుగు ఒకట్లు అని తెలిసి ఉండాలి. ఈ రెండూ రాకపోతే పాఠాన్ని వారం రోజులు వాయిదా వేసి వాటినే ఆడిస్తూ నేర్పండి. ఆ వారం వృథా కాదు.

మొదటి దశ: కథ చెప్పడం

మొదటి లెక్కలో పది అన్నది కథలోనే ఉండాలి. ఉదాహరణకు: "ఒక్కో పెట్టెలో పది పెన్సిళ్లు పడతాయి. అక్క దగ్గర రెండు నిండు పెట్టెలు, ఏడు విడి పెన్సిళ్లు ఉన్నాయి. తమ్ముడి దగ్గర ఒక నిండు పెట్టె, ఐదు విడి పెన్సిళ్లు ఉన్నాయి. ఇద్దరూ తమవన్నీ ఒకచోట పెట్టి, నింపగలిగినన్ని పెట్టెలు నింపారు. ఎన్ని పెట్టెలు నిండాయి? విడిగా ఎన్ని మిగిలాయి?" మొదటిసారి దీన్ని నోటితోనే చెప్పాలి, రాసి ఇవ్వకూడదు. విన్న తరువాత పిల్లలు అదే కథను తమ మాటల్లో తిరిగి చెప్పాలి. చెప్పలేకపోతే పుల్లలు ముట్టుకోనివ్వవద్దు, కథే మళ్లీ చెప్పండి.

రెండో దశ: అడిగిందేమిటో తేల్చుకోవడం

మనకేం తెలుసు, ఏం కనుక్కోమన్నారు, జవాబు సుమారుగా ఎంత ఉండవచ్చు అని మూడు ప్రశ్నలు అడగాలి. మూడో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. ఇరవై పైన ఒకటి, పది పైన ఒకటి ఉన్నాయి కాబట్టి జవాబు ముప్పైకి పైనే ఉంటుందని, యాభై మాత్రం దాటదని ముందే అనుకున్న పిల్లలు తరువాత 312 దగ్గర తప్పకుండా ఆగుతారు.

ఇక్కడే ఒక హెచ్చరిక. "మొత్తం అన్న మాట కనిపిస్తే కూడిక, మిగిలింది అన్న మాట కనిపిస్తే తీసివేత" అని ఎన్నడూ నేర్పకండి. "మొత్తం 42 పెన్సిళ్లలో 15 ఎర్రవి, తక్కినవి నీలివి. నీలివి ఎన్ని?" అన్న లెక్కలో మొత్తం అన్న మాట ఉన్నా చేయవలసింది తీసివేతే. మాటల కోసం వెతకడం అలవాటైన పిల్లలు కథ చదవడం మానేస్తారు, ఆ అలవాటు మాన్పించడానికి ఏళ్లు పడుతుంది.

మూడో దశ: కట్ట కట్టడం, దాన్ని రాయడం

అసలు పాఠమంతా ఇక్కడే ఉంది. తక్కిన దశలన్నిటికీ కలిపి పట్టే సమయం కంటే ఎక్కువ సమయం దీనికి ఇవ్వండి.

గడుల కాగితం మీద పై వరుసలో రెండు కట్టలు, ఏడు పుల్లలు, కింది వరుసలో ఒక కట్ట, ఐదు పుల్లలు పేర్చమనండి. ఆ తరువాత ఒకట్ల గడిలోని పుల్లలన్నిటినీ ఒకచోటికి చేర్చమనాలి. పన్నెండు అవుతాయి. ఇప్పుడు మీరు ఏమీ చెప్పకండి. "పెట్టె నిండిందా?" అని మాత్రం అడిగి ఊరుకోండి. పిల్లలు పది పుల్లలు ఏరి, వాటి కొసలు నేలకు తట్టి సమం చేసి, రబ్బరు బ్యాండు రెండు చుట్లు తిప్పి కడతారు. కట్టాక ఆ కట్టను ఎక్కడ పెడతారో జాగ్రత్తగా గమనించండి. చాలామంది దాన్ని ఒకట్ల గడిలోనే, మిగిలిన రెండు పుల్లల పక్కనే ఉంచేస్తారు. 312 పుట్టేది సరిగ్గా అక్కడే. చెయ్యి చాపి మీరు దాన్ని జరపకండి. "ఇది విడి పుల్లా, కట్టా? కట్టలన్నీ ఎక్కడున్నాయి?" అని అడిగి, జరిపే పనిని వారికే వదలండి.

కట్ట పదుల గడిలోకి వెళ్లిన ఆ క్షణంలోనే, పలక మీద నిలువుగా రాసిన లెక్కలో పదుల స్థానం పైన 1 రాయించాలి. లెక్కంతా అయ్యాక రాయిస్తే ఆ ఒకటికీ ఈ కట్టకూ ఉన్న సంబంధం తెగిపోతుంది. చేత్తో కట్టను జరపడం, నోటితో "ఒక పది" అనడం, పలక మీద 1 రాయడం మూడూ ఒకదాని వెంట ఒకటి ఆలస్యం లేకుండా జరగాలి. ఆ తరువాతే ఒకట్ల కింద 2 రాయించండి. 1 కన్నా ముందు 2 రాయిస్తే, రెండు రాసిన తృప్తిలో కట్టను మరిచిపోయే పిల్లలు ఎక్కువ.

ఆ 1 పదుల స్థానం పైనే ఉండాలి, పక్కన ఎక్కడో కాదు, జవాబు గీత కిందా కాదు. కొందరు దాన్ని అసలు రాయనివ్వక మనసులో పెట్టుకోమంటారు, రాయకుండా చేయడమే తెలివి అన్నట్టు మాట్లాడతారు. అది సరికాదు. నేర్చుకునే రోజుల్లో రాయని ఒకటి చాలాసార్లు మరిచిపోయిన ఒకటే అవుతుంది. అలాగే "చేతిలో ఒకటి" అన్న మాటను కనీసం రెండు వారాల పాటు వాడకండి. ఆ మాట తప్పని కాదు, అందులో పది అన్న విలువ వినిపించదు. అంతవరకు "ఒక పది" అనే అనాలి, పిల్లల చేత అనిపించాలి.

తప్పు వచ్చినప్పుడు అది ఎలాంటి తప్పో చూడకుండా "మళ్లీ చెయ్యి" అనడం వల్ల ఏ ప్రయోజనమూ లేదు. 312 వస్తే కట్ట ఒకట్ల గడిలోనే ఉండిపోయిందన్నమాట. 32 వస్తే కట్ట కట్టారు గానీ పదులతో కలపలేదు. పాత కట్టలు మూడు, కొత్త కట్ట ఏదని అడగాలి. 51 వస్తే ఒకట్ల కింద 1 రాసి పదుల పైన 2 పెట్టారు, అంటే పన్నెండులో ఏ అంకె దేనిదో ఇంకా తేలలేదు; అలాంటప్పుడు లెక్క ఆపి, పన్నెండు నుంచి పద్దెనిమిది దాకా పుల్లలు ఇచ్చి కట్టలుగా, విడివిగా చెప్పించాలి. పూర్తి పద్ధతి వచ్చాక మరో తప్పు బయలుదేరుతుంది: 32, 14 కలపమన్నా అలవాటుగా పైన 1 రాసి 56 అంటారు. దీనికి మందు ఒకటే. మొదటి రోజు నుంచే కట్ట అవసరమయ్యే లెక్కలను, అవసరం లేని లెక్కలను కలిపి ఇవ్వాలి. కట్టడానికి పది ఉన్నాయో లేవో ప్రతిసారీ చూసుకోవడమే అసలైన నైపుణ్యం.

ముందు పదులు కలిపి 30, తరువాత ఒకట్లు కలిపి 12, రెండూ కలిపి 42 అనే పద్ధతి కూడా ఉంది. మనసులో లెక్క చేయడానికి అది చాలా మంచిది, విలువలు దాచదు. అయినా మొదటి పద్ధతిగా దాన్ని ఎంచుకోను. మూడు సంఖ్యలు, మూడేసి అంకెలు వచ్చేసరికి మధ్యలో రాసుకోవలసినవి పెరిగి పిల్లలు తడబడతారు. నిలువు పద్ధతి స్థిరపడ్డాక దీన్ని జవాబు సరిచూసుకోవడానికి నేర్పండి.

నాలుగో దశ: పుల్లల నుంచి బొమ్మలకు, బొమ్మల నుంచి అంకెలకు

నాలుగైదు రోజుల తరువాత పుల్లలు తీసేసి, కట్టకు ఒక నిలువు గీత, విడి పుల్లకు ఒక చుక్క గీయించండి. పది చుక్కలను చుట్టి ఒక గీతగా మార్చడం వచ్చాక బొమ్మలు కూడా మానవచ్చు.

ఐదో దశ: కథలు మార్చడం

ఒకే మూసలోని కథలు ఇస్తే పిల్లలు కథ వదిలేసి రెండు అంకెలు ఏరుకొని కలిపేస్తారు. అందుకే కలపడం పైకి కనిపించని లెక్కలు తప్పనిసరి. "ఒకడు తన పూసల్లో 36 చెల్లెలికి ఇచ్చేశాడు. వాడి దగ్గర ఇంకా 24 ఉన్నాయి. మొదట ఎన్ని ఉండేవి?" ఇచ్చేశాడు అన్న మాట తీసివేత వైపు లాగుతుంది, చేయవలసింది మాత్రం కూడిక. పైగా దీనిలో ఆరూ నాలుగూ సరిగ్గా పది అయి విడిగా ఏమీ మిగలవు. ఒకట్ల చోట 0 రాయకుండా 6 అని ఊరుకునేవారు చాలామంది ఉంటారు, అరవై పూసల బదులు ఆరు పూసలేనా అని అడగండి.

పోల్చే లెక్కలు కూడా ఇవ్వాలి: "అక్క దగ్గర 38 గోళీలు ఉన్నాయి, తమ్ముడి దగ్గర అంతకంటే 24 ఎక్కువ ఉన్నాయి. తమ్ముడి దగ్గర ఎన్ని?" మూడు రోజుల్లో 28, 37, 19 పేజీలు చదివిన కథలో ఒకట్లు ఇరవై నాలుగవుతాయి, రెండు కట్టలు వస్తాయి. పైన వేసేది ఎప్పుడూ 1 కాదని, ఎన్ని కట్టలైతే అంతేనని పిల్లలు ఇక్కడ గ్రహిస్తారు. జవాబు 84. ప్రతి లెక్కకూ జవాబును "వారు చదివినవి 84 పేజీలు" అని పూర్తి వాక్యంగా రాయించండి, ఒట్టి అంకెను ఒప్పుకోవద్దు. రోజుకు మూడు లెక్కలు చాలు.

అంకెల సంఖ్య తేడాగా ఉన్నప్పుడు వరుస తప్పకుండా చూడాలి. 136 కింద 27ను ఎడమవైపుకు జరిపి రాస్తే 406 వస్తుంది, కూడిక అంతా సరిగ్గా చేసినా సరే. ఒకట్ల కింద ఒకట్లు ముందు రాసి, తరువాత ఎడమకు వెళ్లమనండి.

ఆరో దశ: కథలు వారే కట్టడం, వంద దాటడం

27 ఇచ్చి, దానికి కట్ట అవసరమయ్యే సంఖ్య ఒకటి, అవసరం లేని సంఖ్య ఒకటి ఎంచుకొని రెండు కథలు చెప్పమనండి. తడుముకోకుండా చెప్పగలిగినవారు వందలకు సిద్ధమైనట్టే. అప్పుడు పుల్లలు మళ్లీ బయటకు తీసి, గడుల కాగితానికి ఎడమవైపు వందల గడి ఒకటి చేర్చి, 87, 46 కలిసే కథతో మొదలుపెట్టాలి. ఒకట్లలో పదమూడు, పదుల్లో కొత్త కట్టతో కలిపి పదమూడు వస్తాయి. పది కట్టలను కలిపి ఒక పెద్ద కట్టగా వారి చేతే కట్టించి, వందల గడిలోకి వారి చేతే జరిపించి, 133 రాయించాలి. ఇది స్థిరపడ్డాకే 178, 246 వంటి మూడంకెల లెక్కలను కాగితం మీద ఇవ్వండి.