పీఎఫ్ ఎంతుందో కాదు, నెలనెలా పడుతుందో లేదో చూడండి

జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఫిట్టర్‌గా పనిచేస్తున్నాను. మా షిఫ్టు బస్సులో ఎవర్ని అడిగినా పీఎఫ్ ఎంతుందో ఉజ్జాయింపుగా చెప్తారు. నెలనెలా పడుతుందా అంటే మాత్రం తెలియదంటారు. నేనూ అట్లనే ఉండేవాణ్ని. ఇంతకుముందు పనిచేసిన చోట మూడు నెలలు నా జీతంలో పీఎఫ్ కట్ చేసి, ఖాతాలో కట్టలేదు. ఏడాది తర్వాత గానీ నాకు తెలియలేదు.

మొత్తం ఎంతో చాలనుకుంటే, యూఏఎన్‌కు (కంపెనీ మారినా మారని మీ పీఎఫ్ నంబరుకు) లింకైన ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇవ్వండి, మెసేజ్ వస్తుంది. అసలు సంగతి తెలిసేది పాస్‌బుక్‌లోనే. ప్రభుత్వ ఉమాంగ్ యాప్‌లో ఈపీఎఫ్‌ఓ (పీఎఫ్ చూసుకునే ప్రభుత్వ సంస్థ) తెరిచి, 'వ్యూ పాస్‌బుక్' నొక్కి, 12 అంకెల యూఏఎన్, ఓటీపీ కొట్టాలి. కంపెనీ మారితే మెంబర్ ఐడీ మారుతుంది కాబట్టి ఒక్కో ఐడీ విడిగా చూడండి. పాత ఐడీలో పైసలు ఉండిపోతే ట్రాన్స్‌ఫర్ పెట్టుకోండి.

ఇప్పుడు పే స్లిప్ పక్కన పెట్టుకోండి. బేసిక్, డీఏ కలిపి 15,000 అనుకుందాం. మీ వాటా 12 శాతం, అంటే 1,800. కంపెనీ కూడా అంతే కడుతుంది, కానీ పాస్‌బుక్‌లో కంపెనీ గడిలో 550 మాత్రమే కనిపిస్తుంది. మా దగ్గర కొత్తగా చేరిన తమ్ముడొకడు అది చూసి, మోసం చేస్తున్నారని రెండు రోజులు ఒకటే టెన్షన్. పక్కనే పెన్షన్ గడిలో 1,250 చూపిస్తే కుదుటపడ్డాడు. ఆ పెన్షన్ పైసలు బ్యాలెన్స్‌లో కలవవు, వాటికి వడ్డీ రాదు.

జూన్ జీతం మీద పీఎఫ్‌ను కంపెనీ జూలై 15లోపు కట్టాలి. అందుకే నేను ప్రతి నెలా 20 దాటాక చూస్తాను. నోట్‌బుక్‌లో మూడే గడులు: ఏ నెల, స్లిప్‌లో కట్ అయింది ఎంత, పాస్‌బుక్‌లో పడింది ఎంత.

వడ్డీని నెలవారీగా లెక్కగట్టినా, జమ చేసేది ఏడాదికి ఒక్కసారే. 2024-25కి 8.25 శాతం ఇచ్చారు. ఏప్రిల్‌లో కనబడలేదని కంగారు పడకండి.

ఏ నెలైనా ఖాళీగా ఉంటే హెచ్‌ఆర్‌ను నోటిమాటగా అడిగి ఊరుకోవద్దు, మెసేజ్‌లోనో మెయిల్‌లోనో రాసి అడగండి. అయినా కదలకపోతే ఈపీఎఫ్‌ఓ వారి ఈపీఎఫ్‌ఐజీఎంఎస్ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టి, పే స్లిప్పులు జతచేయండి. నాకు రెండు స్లిప్పులే దొరికాయి. మూడోది ఇంటికి సున్నం వేసినప్పుడు పాత కాగితాలతో పాటు పోయింది. ఆ ఒక్క నెల కోసం బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి, చేతికొచ్చిన జీతం ఇంతేనని చూపించాల్సి వచ్చింది. ఇప్పుడు స్లిప్ చేతికందగానే ఫోటో తీసి నా భార్య ఫోన్‌కు పంపుతున్నాను. నోట్‌బుక్ కూడా ఆమె దగ్గరే ఉంటుంది.