లుకుమాదెస్ వేయించే ముందు: పొయ్యి పక్కన ఆ నీళ్ల గ్లాసు తీసేయండి

లుకుమాదెస్ అంటే పులిసిన మైదా పిండిని ఉండలుగా నూనెలో వేయించి తేనెపాకంలో ముంచే గ్రీకు తీపి. నవంబర్ 30న గ్రీసులో సెయింట్ ఆండ్రూ పండగ. ఆయనకు అక్కడి వాడుకపేరు ‘త్రిపోతిగనాస్’, అంటే పెనానికి చిల్లు పెట్టేవాడు. ఆ రోజు ఇంట్లో ఏదో ఒకటి వేయించకపోతే పెనం చిల్లు పడుతుందని నమ్మకం. సైప్రస్‌లోనైతే జనవరి 6 పండగకి లుకుమాదెస్ వేయించి, కలికాంజారి అనే పిల్లదయ్యాలు వెళ్లిపోవాలని కొన్నింటిని ఇంటి కప్పు మీదికి విసురుతారు. గల్ఫ్‌లో ఉండే మనవాళ్లు రంజాన్ నెలలో తినే లుకైమాత్ వీటికి దగ్గర చుట్టం. అరబ్బీలో ‘లుక్మా’ అంటే నోటికి పట్టేంత ముద్ద. మన హైదరాబాద్ లుఖ్మీ పేరు కూడా ఆ మాటలోంచి వచ్చిందే.

పండగల ముందు వేడినూనె పడి ఒళ్లు కాలిన వార్తలు ఏటా వస్తూనే ఉంటాయి. ఇప్పుడు ఫోన్లలో తిరిగే లుకుమాదెస్ వీడియోలు చూస్తే భయం వేస్తుంది. చాలావాటిలో పొయ్యి పక్కనే నీళ్ల గ్లాసు ఉంటుంది. చెంచా అందులో ముంచుతారు, ఎడమ పిడికిట్లోంచి ఉబికిన పిండిని దాంతో తీసి నూనెలో వదులుతారు, మళ్లీ ముంచుతారు. పిండి చెంచాకు అంటుకోకుండా గ్రీకు ఇళ్లలో చేసే పాత పద్ధతే ఇది. చెయ్యి తిరిగినవాళ్లు చెంచాను ఒక్కసారి విదిలించి గానీ నూనె మీదికి తేరు. ఆ విదిలింపు వీడియోలో కంటికి ఆనదు. కొత్తగా చేసేవాళ్లు చేతులు, ముఖం కాల్చుకునేది సరిగ్గా అక్కడే.

నీటిబొట్టు నూనె కంటే బరువు. అందుకే నూనె మీద తేలదు, అడుగుకు దిగుతుంది. 175 డిగ్రీల నూనెలో ఆ బొట్టు క్షణంలో ఆవిరై, ఉన్న చోటుకు సుమారు 1,700 రెట్లు చోటు అడుగుతుంది. పైనున్న నూనెను ఎగజిమ్ముకుంటూ గానీ బయటికి రాలేదు. ‘పిండిలోనూ సగం నీళ్లే కదా’ అనిపించవచ్చు. ఆ నీటిని మైదా పట్టి ఉంచుతుంది, ఆవిరి కొంచెం కొంచెంగా బుడగలై వస్తుంది. చెంచా గుంటలో నిలిచిన నీటికి అలా పట్టి ఉంచేదేమీ లేదు.

చెంచా ముంచాల్సింది నూనెలో. చిన్న గిన్నెలో నాలుగు చెంచాల చల్లటి నూనె పోసి పక్కన పెట్టుకోండి, ప్రతి ఉండకీ అందులోనే ముంచండి. పిడికిలికి కూడా తడి కాదు, నూనె రాసుకోండి. పిండి నీళ్లతో జారినంత బాగానూ జారుతుంది.

పిండి

250 గ్రాముల మైదా, 5 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, చెంచాడు పంచదార, అర చెంచా ఉప్పు, 230 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు. మైసూర్ బోండా పిండి కంటే కాస్త జారుగా ఉండాలి, గరిటె ఎత్తితే తీగలా సాగాలి. మూతపెట్టి గంటసేపు వదిలేస్తే రెట్టింపవుతుంది. మన ఎండాకాలంలో 40 నిమిషాలు దాటకముందే చూసుకోండి. మరీ పులిస్తే ఉండలు పొంగకుండా చప్పబడి నూనె తాగుతాయి.

పులిశాక గట్టిగా అనిపించినా నీళ్లు చిలకరించి పైపైన కలపవద్దు. కలవకుండా మిగిలిన నీటి చారలు నూనెలో పేలతాయి. అలాంటి పిండికి కొంచెం పెద్ద ఉండలు వేసుకుని ఇంకాస్త సేపు వేయించుకోవడమే మంచిది.

నూనె

20 సెంటీమీటర్ల వెడల్పు, కనీసం 12 సెంటీమీటర్ల లోతున్న, అడుగు చదునుగా ఉండే మందపాటి గిన్నె తీసుకోండి. లీటరున్నర పొద్దుతిరుగుడు నూనె పోస్తే సుమారు 5 సెంటీమీటర్లు వస్తుంది. సగం దాటి పోయవద్దు. గుండ్రటి అడుగున్న మూకుడు ఊగకుండా కూర్చోకపోతే దాన్ని వాడవద్దు.

కడిగిన గిన్నెను గుడ్డతో తుడిస్తే చాలదు. ఖాళీగా ఒక నిమిషం పొయ్యి మీద పెట్టి, ఆరాక నూనె పోయాలి. నూనె కాగేటప్పుడు మూత పెట్టవద్దు. మూతకు తడి ఉంటే అది జారి నూనెలోనే పడుతుంది. కాగిందో లేదో చూడటానికి కర్ర గరిటె ముంచే అలవాటు కొందరికి ఉంది. కడిగిన కర్ర లోపల తడి రెండు మూడు గంటలైనా ఆరదు. థర్మామీటర్ ఉంటే 170 నుంచి 175 డిగ్రీలు, లేకపోతే శనగగింజంత పిండి వేసి చూడండి: మునిగి వెంటనే పైకి లేచి, చుట్టూ బుడగలు కట్టాలి.

ఉండను నూనెకు దగ్గరగా, రెండంగుళాల ఎత్తునుంచి, మీకు అవతలి వైపుకు జారవిడవండి. భయపడి పైనుంచి పడేస్తేనే ఎక్కువ చిందుతుంది. వాయికి ఎనిమిది లేదా పది వేసి, తిప్పుతూ మూడు నాలుగు నిమిషాలు వేయిస్తే తేనెరంగు వస్తుంది.

పాకం

200 గ్రాముల పంచదార, 120 మిల్లీలీటర్ల నీళ్లు, దాల్చినచెక్క ముక్క కలిపి ఐదు నిమిషాలు మరిగించి, దించాక 100 గ్రాముల తేనె కలపండి. పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి ఉండ చల్లటి పాకంలో పడితేనే పైపొర కరకరలాడుతుంది.

ఇక్కడ మళ్లీ అదే తప్పు, ఈసారి గరిటె రూపంలో. చిల్లుల గరిటెతో ఉండలు తీసి పాకంలో వేస్తారు, అదే గరిటెతో పాకంలోంచి పళ్లెంలోకి తీస్తారు, అదే గరిటె మళ్లీ నూనెలోకి వస్తుంది. దాని చిల్లుల్లో నిలిచిన పాకం అంటే నీళ్లే, పైగా ఒంటికి అంటుకునే నీళ్లు. నూనెకు ఒక గరిటె, పాకానికి ఒకటి. పాకం గిన్నె పొయ్యి గట్టు మీద కాదు, వేరే బల్ల మీద.

ఇక మిగిలినవి:

పాకం మరిగే పొయ్యి, నూనె కాగే పొయ్యి ఒకేసారి వెలిగించవద్దు.

నూనెలోంచి సన్నటి పొగ లేచిందంటే మంట ఆపేయండి. పిండి వేస్తే చల్లారుతుందని వేయవద్దు.

వేయిస్తూ చేతులు కడిగితే మోచేతుల దాకా తుడుచుకుని రండి. మణికట్టు మీది బొట్టు కూడా బొట్టే.

తడి మసిగుడ్డతో గిన్నె పట్టుకోవద్దు.

నూనెకు నిప్పంటుకుంటే ముందు పొయ్యి ఆపండి, లోహపు మూత పక్కనుంచి జరిపి కప్పండి, తీసి చూడవద్దు. నీళ్లు పోయవద్దు. ఒక్క చెంబు కూడా పోయవద్దు. చెంచాలో నీళ్లు చేసే పనే చెంబులో నీళ్లు చేస్తాయి, మంట కప్పు దాకా లేస్తుంది.

మండుతున్న గిన్నెను ఎత్తి బయటికి పరుగెత్తవద్దు.

మంట ఆరకపోతే తలుపు వేసి బయటికొచ్చి 101కి ఫోన్ చేయండి.

వేడినూనె ఒంటి మీద పడితే ఉంగరాలు, గాజులు తీసేసి 20 నిమిషాలు కుళాయి ధార కింద పెట్టండి. ఐస్ వద్దు. పసుపు, టూత్‌పేస్ట్, ఇంకు ఏవీ వద్దు. బొబ్బ చిదమవద్దు. ముఖం, చేతివేళ్లు, కీళ్ల దగ్గర కాలితే, అరచేతి కంటే ఎక్కువ మేర కాలితే 108.

ఏడాది నిండని పిల్లలకు పాకంలో ముంచినవి నాకించవద్దు, తేనెతో బోట్యులిజం అనే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది.

ఉండ లోపల ఆవిరి ఉంటుంది. పిల్లలకు విరిచి, రెండు నిమిషాలు ఆగి పెట్టండి.

వాడిన నూనెను ఆ గిన్నెలోనే, ఆ పొయ్యి మీదే వదిలేయండి. పూర్తిగా చల్లారేదాకా ఎవరూ ఎత్తకూడదు, సింకు వైపు అసలే తీసుకెళ్లకూడదు.