సెంట్రీకి సోర్స్ మ్యాప్స్ ఎక్కించడం ఎలా

లైవ్‌లో ఎర్రర్ వచ్చిందని సెంట్రీ (యాప్‌లో వచ్చే ఎర్రర్లని పట్టి చూపించే టూల్) ఓపెన్ చేస్తే 1వ లైను, 48213వ కాలమ్, ఫంక్షన్ పేరు 'టీ' అని ఉంటుంది, దాన్ని చూసి ఏం చేస్కుంటాం చెప్పండి. కోడంతా మినిఫై అయిపోయింది కదా, అంటే పేర్లు కుదించి లైన్లన్నీ కలిపేసి చిన్నది చేసేశారు, దాన్ని మళ్లీ మనం రాసిన లైన్లకి కలిపేదే సోర్స్ మ్యాప్.

వీట్ (జావాస్క్రిప్ట్ కోడ్‌ని బిల్డ్ చేసే టూల్) వాడేవాళ్లకి తేలికే. సెంట్రీ వీట్ ప్లగిన్ ఇన్‌స్టాల్ చేసి ప్లగిన్స్ లిస్టులో అన్నిటికన్నా చివర పెట్టండి, బిల్డ్ సెట్టింగ్స్‌లో సోర్స్‌మ్యాప్‌ని 'హిడెన్' చేయండి, సెంట్రీలోని మీ ఆర్గనైజేషన్ పేరు, ప్రాజెక్ట్ పేరు ఇవ్వండి, ఆథ్ టోకెన్ (సెంట్రీకి అప్‌లోడ్ చేయడానికి కావాల్సిన సీక్రెట్ కీ) మాత్రం ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లోనే, పొరపాటున కూడా గిట్‌లోకి పోనీకండి.

ప్లగిన్ వద్దనుకుంటే సెంట్రీ సీఎల్ఐతో (టెర్మినల్‌లో నడిపే సెంట్రీ టూల్) రెండు కమాండ్లు. బిల్డ్ అయ్యాక, ఆ ఫైళ్లు పడే డిస్ట్ ఫోల్డర్ మీద ముందు 'సోర్స్‌మ్యాప్స్ ఇంజెక్ట్', తర్వాత 'సోర్స్‌మ్యాప్స్ అప్‌లోడ్'. ఇంజెక్ట్ చేసినప్పుడు జేఎస్ ఫైల్లో, దాని మ్యాప్‌లో ఒకటే డీబగ్ ఐడీ పడుతుంది, సెంట్రీ ఆ ఐడీతోనే రెండిటినీ కలుపుతుంది. నేనైతే ఓసారి డిస్ట్‌ని ముందే సర్వర్‌కి కాపీ చేసేసి ఆ తర్వాత తాపీగా ఇంజెక్ట్ చేశా, లైవ్ ఫైళ్లలో ఐడీనే లేదు, అది తెలుసుకునేసరికి సగం రోజు హుష్‌కాకి. అందుకే ఇంజెక్ట్ అయిన ఫైళ్లనే డిప్లాయ్ చేయండి.

అప్‌లోడ్ అయ్యాక డాట్ మ్యాప్ ఫైళ్లు డిలీట్ చేయండి, లేదంటే మీ సోర్స్ కోడ్ ఎవరైనా చూసేయొచ్చు. పాత ఎర్రర్లు మాత్రం అలాగే గజిబిజిగా ఉంటాయి, కొత్తగా ఒక ఎర్రర్ కావాలని కొట్టించి చెక్ చేస్కోండి.