వియత్నాం తీరంలో సీఫుడ్ భోజనం: తొట్టి దగ్గర నుంచి బిల్లు దాకా

వియత్నాం సముద్రతీరంలో 'హాయ్ సాన్' (సీఫుడ్) అని బోర్డు ఉన్న రెస్టారెంట్‌లో భోజనం నీటి తొట్ల దగ్గరే మొదలవుతుంది. గాలి గొట్టాలు బుడగలు కొడుతున్న తొట్లలో పీతలు, రొయ్యలు, గుల్లలు, చేపలు బతికి ఉంటాయి. మీరు చూపిస్తారు, వాళ్లు వల బుట్టతో తీసి తూస్తారు, ఎలా వండాలని అడుగుతారు. ఏది, ఎంత, ఏ వంట అన్న మూడూ ఆ అయిదు నిమిషాల్లోనే తేలిపోతాయి. కూర్చుని మెనూలో బొమ్మ చూపిస్తే ఆ మూడూ వంటింటి ఇష్టానికి వదిలేసినట్టే. కాబట్టి బల్ల దగ్గర ఒకరిని ఉంచి, మిగతావాళ్లు తొట్ల దగ్గరకు నడవండి.

బల్ల ఎక్కడ, ఎన్నింటికి

సూర్యాస్తమయం చూస్తూ తినాలనుకుంటే ముందు దిక్కు చూసుకోండి. దనాంగ్, న్యాచాంగ్‌లలో సముద్రం తూర్పున ఉంటుంది. సూర్యుడు మీ వెనక కొండల్లోకి దిగిపోతాడు. నీటిలో అస్తమయం కావాలంటే ఫుకువోక్ ద్వీపం పడమటి ఒడ్డు, వుంగ్‌తావ్‌లో 'బాయ్ చుఅక్' అనే ముందు బీచ్ సరైనవి. అదే ఫుకువోక్‌లో పీతలకు పేరుమోసిన హామ్‌నిన్ ఊరు తూర్పు ఒడ్డున ఉంది. అక్కడికి మధ్యాహ్న భోజనానికి వెళ్లడం మేలు.

సాయంత్రం 5 గంటలకు వెళ్తే తొట్లు నిండుగా ఉంటాయి, ఎంచుకోవడానికి తీరిక దొరుకుతుంది. 7 దాటాక జనం పెరిగి, తూకం దగ్గర తొందరపెడతారు. చాలాచోట్ల బొగ్గుల పొయ్యి బయటే ఉంటుంది. గాలి ఎటు వీస్తోందో చూసి, పొగ మీ మీదకు రాని వైపు బల్ల అడగండి. మధ్య వియత్నాంలో సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. పడవలు వేటకు వెళ్లని రోజుల్లో ధరలు పెరుగుతాయి, మంచులో పెట్టిన సరుకే ఎక్కువగా బయటకు వస్తుంది. అలాంటి రోజున ఊళ్లో పెంచే గుల్లలు, రొయ్యలు, పండుగప్ప తీసుకోండి. వాటికి తుపానుతో అంతగా పని లేదు. ఉత్తరాన ఉన్న కాట్‌బా ద్వీపం, వుంగ్‌తావ్ దగ్గరి లాంగ్‌సన్ వంటి చోట్ల నీటి మీద తేలే 'న్యా బే' రెస్టారెంట్లకు వెళ్తుంటే, తిరుగు పడవ ఎన్నింటికి, దాని కిరాయి భోజనంలో కలిసి ఉందా లేదా అన్నది ఎక్కకముందే అడగండి.

బతికినదాన్ని గుర్తుపట్టడం

పీతలో రెండు రకాలు కనిపిస్తాయి. 'గే' అంటే చుక్కల పెంకు ఉన్న సముద్రపు పీత, మాంసం తియ్యగా, పెంకు పలచగా ఉంటుంది. 'కువా' అంటే మండపీత, పెంకు మందం, డెక్కల్లో మాంసం ఎక్కువ. దేన్ని తీసుకున్నా పొట్టవైపు, చివరి కాలి మొదట్లో బొటనవేలితో నొక్కి చూపించమనండి. గట్టిగా ఉంటే నిండుగా ఉన్నట్టు, సొట్టపడితే కొత్తగా పెంకు మార్చుకున్న పీత, లోపల నీళ్లే ఎక్కువ. పౌర్ణమి చుట్టుపక్కల పీత వట్టిపోతుందని, నెల మొదట్లో, చివర్లో నిండుగా ఉంటుందని అక్కడి అమ్మకందారులు చంద్రమానం లెక్క చెబుతారు. లెక్క ఎలా ఉన్నా నొక్కి చూడటం మానకండి. గుడ్డు కావాలంటే పొట్ట మీది మూత వెడల్పుగా, గుండ్రంగా ఉన్న ఆడ పీతను, మాంసం కావాలంటే మూత సన్నగా కోసుగా ఉన్న మగదాన్ని అడగండి. కాళ్లు వేలాడుతూ, కళ్లు తాకినా కదలని పీతను వద్దనండి. చచ్చిన పీత మాంసం చాలా వేగంగా పాడవుతుంది, మెత్తబడి పెంకుకు అంటుకుపోతుంది.

గుల్లలు తడితే మూసుకోవాలి. నత్తలు తాకగానే లోపలికి ముడుచుకోవాలి. రొయ్య తల, ఒంటి మధ్య కీలు బిగువుగా ఉండాలి. అక్కడ నల్లబడితే పాతది. స్క్విడ్ సాధారణంగా మంచు మీదే ఉంటుంది. చర్మం మీది చుక్కలు విడివిడిగా, స్పష్టంగా ఉంటే తాజా. ఆ రంగు కరిగి ఒళ్లంతా గులాబీ రంగు పాకిందంటే ఆలస్యమైంది.

తూకం

ఇక్కడే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటారు, నిదానించండి.

ధర చాలాచోట్ల కిలోకు ఉంటుంది, ఖరీదైనవాటికి 100 గ్రాములకు రాస్తారు. బోర్డు మీద సున్నాలు తీసేసి '450' అనో '450కె' అనో ఉంటే 4,50,000 డాంగ్ (వియత్నాం కరెన్సీ) అని అర్థం. లాబ్‌స్టర్ పక్కన '180' అని చూసి చవకనుకోకండి. అది 100 గ్రాముల ధరైతే 800 గ్రాముల లాబ్‌స్టర్‌కు 14,40,000 డాంగ్ అవుతుంది. ధర బదులు 'థోయ్ జా' అని ఉంటే ఆ రోజు ధర అన్నమాట. అంకె కాగితం మీద రాయించుకోకుండా తూయించకండి. ధరలు డాంగ్‌లలో బయటికి కనిపించేలా పెట్టాలని వియత్నాం చట్టమే చెబుతోంది, అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

తూచే ముందు కాటా సున్నా దగ్గర ఉందో లేదో చూడండి. బుట్ట బరువు తీసేయాలి, దానికి 'చ్రూ బీ' అంటే చాలు. వల సంచిలోంచి నీళ్లు పూర్తిగా ఓడేదాకా ఆగమనండి. గుల్లల సంచిలో నీరు బాగా బరువు తూగుతుంది. మండపీతల డెక్కలకు కట్టే తాడు దగ్గర ఇంకా జాగ్రత్త. కొన్నిచోట్ల నీరు పీల్చిన మందపు తాడు చుట్టి అమ్ముతారు. తాడుతో కలిపి తూస్తే కిలో ధర తక్కువగా, తాడు తీసి తూస్తే ఎక్కువగా చెప్పడమూ మామూలే. రెండు రెస్టారెంట్ల ధరలు పోల్చేటప్పుడు ఏ లెక్కన చెబుతున్నారో అడగండి.

తూగిన వెంటనే, కాటా మీది అంకె పడేలా ఫోన్లో ఫోటో తీయండి. బిల్లు దగ్గర తేడా వస్తే అదే సాక్ష్యం. తూచిన పీతే వంటింట్లోకి వెళ్తోందని కంటితో చూసుకోండి. చింతపండు గుజ్జులోనో, మిరియాల మసాలాలోనో వచ్చే వంటకానికి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఆ పులుసు కింద పాత పీతను గుర్తుపట్టడం కష్టం.

నలుగురికి ఎంత? పీత మాంసం బతికిన బరువులో పావు వంతు నుంచి మూడో వంతు దాకానే వస్తుంది. కాబట్టి 400 గ్రాముల పీతలు రెండు, గుల్లలు ఒక కిలో, టైగర్ రొయ్యలు అర కిలో, కిలో నుంచి కిలోంపావు ఉన్న ఒక చేప, ఒక తూటికూర వేపుడు, చివర్లో ఒక ప్లేటు ఫ్రైడ్ రైస్ చాలు. కిలోకు 20 వచ్చే సైజు రొయ్యలైతే అర కిలోకు 10 వస్తాయి. తక్కువైతే మళ్లీ తొట్టి దగ్గరకు వెళ్లొచ్చు. వండినదాన్ని మాత్రం వెనక్కి తీసుకోరు.

ఏదానికి ఏ వంట

ఎంత తాజా అయితే అంత తక్కువ వండించాలి. అక్కడివాళ్లు నిండైన పీతకు ఆవిరి మీదే ఓటేస్తారు, అది 'హప్'. నిమ్మగడ్డితో ఆవిరి పడితే 'హప్ సా', బీరు పోసి పడితే 'హప్ బియా'. మండపీతకు మందపు పెంకు ఉంది కాబట్టి 'రాంగ్ మె' అనే చింతపండు వంట కూడా తట్టుకుంటుంది. పలచని సముద్రపు పీతకు అది దండగ. 'న్గావ్' లేదా దక్షిణాన 'న్గేవ్' అనే గుల్లలకు నిమ్మగడ్డి, మిరపతో ఆవిరి. అడుగున మిగిలే రసం వదలకండి, గిన్నెలో పోసుకుని తాగాలి. స్కాలప్, ఆల్చిప్పలకు నిప్పుల మీద ఉల్లికాడ నూనె, పైన వేరుశనగ పలుకులు: 'నుఅంగ్ మో హాన్'. ఆల్చిప్పలకు చీజ్ వేస్తామంటారు, కొత్తవాళ్లకు నచ్చుతుంది కానీ సముద్రపు రుచి దాని కింద పోతుంది. స్క్విడ్‌ను అల్లంతో ఆవిరి పట్టించండి, లేదా కారం రాసి కాల్పించండి. ముక్క బిగుసుకుని రబ్బరులా వస్తే మంట మీద ఎక్కువసేపు ఉంచేశారన్నమాట. టైగర్ రొయ్యకు ఉప్పు, మిరపతో కాల్చడం చక్కగా కుదురుతుంది.

చేపను రెండు వంటలుగా చేయించడం అక్కడ మామూలే: ఒంటి మాంసం కాల్చి, తల, ముల్లు పుల్లటి 'లావ్'కు, అంటే బల్ల మీదే మరిగే రసంలో ఉడికించుకుంటూ తినే హాట్‌పాట్‌కు. ఒకే చేపతో రెండు వంటకాలు వస్తాయి, వంట ఖర్చు ఎంత అదనమో మాత్రం ముందే తేల్చుకోండి. బజారులో మీరే కొని తెచ్చి వండించుకుంటే కూడా ఇలాగే కిలోకో, వంటకానికో విడిగా తీసుకుంటారు.

ముంచుకునేవి కలిపి పాడుచేయకండి

బల్ల మీదకు నాలుగు చిన్న గిన్నెలు వస్తాయి. ఉప్పు, మిరియాలు, చిన్న పచ్చ నిమ్మకాయ కలిసి వస్తే అది 'ముఓయ్ తియెవ్ చాన్': నిమ్మరసం తినే ముందే పిండి, ఉప్పు తడిసి ముద్దయ్యేదాకా కలపండి. పీతకు, ఉడికిన రొయ్యకు ఇదే. 'ముఓయ్ ఓట్ సాన్' పచ్చ రంగులో చిక్కగా ఉంటుంది. పచ్చిమిర్చి, ఉప్పు, పంచదార, నిమ్మరసం, నిమ్మాకు, కాస్త కండెన్స్‌డ్ మిల్క్ కలిపి రుబ్బుతారు. న్యాచాంగ్ వైపు దీనికి మంచి పేరు. కాల్చిన స్క్విడ్, రొయ్యకు అద్దండి. అల్లం కలిపిన చేప సాస్ నత్తలకు. నీళ్లు, పంచదార, నిమ్మరసం, వెల్లుల్లితో పలచన చేసిన చేప సాస్, బియ్యప్పొరలో చేప పెట్టి చుట్టుకునే చుట్టలకు. చేప సాస్ అంటే 'నుఅక్ మామ్'. ఫుకువోక్‌లో చేసేదానికి 2012లో ఐరోపా యూనియన్ భౌగోళిక గుర్తింపు రక్షణ కూడా దక్కింది. ఒకదానిలో ముంచింది మరోదానిలో ముంచితే రెండూ పాడవుతాయి, అందుకే మనిషికో గిన్నె అడగండి.

చుట్టలు, హాట్‌పాట్

కాల్చిన చేపతో 'బాన్ చాంగ్' అనే బియ్యప్పొరలు, లెట్యూస్, పుదీనా, తులసి జాతి ఆకులు, పచ్చి అరటి, స్టార్‌ఫ్రూట్, దోస ముక్కలు, సన్నని బియ్యపు సేమ్యా వస్తాయి. పొరను నీళ్లలో ఒకటి రెండు సెకన్లే తడపాలి. ఇంకా గట్టిగానే ఉంది కదా అని మళ్లీ ముంచకండి. చేతిలో ఉండగానే మెత్తబడుతుంది, రెండోసారి ముంచితే చిరిగిపోతుంది. లెట్యూస్ ఆకు అడుగున పరవండి, చేప ముళ్లు పొరను చీల్చవు. మిగతావి మీవైపు అంచు నుంచి మూడో వంతు జాగాలోనే పెట్టి, రెండు పక్కలు మడిచి, బిగించి చుట్టండి. ఎక్కువ నింపడమే పొర పగలడానికి మొదటి కారణం.

హాట్‌పాట్‌లో ముందు చేప తల, ముల్లు, టమాటా. రసం మరిగాక గుల్లలు నోరు తెరిచేదాకా, రొయ్యలు ఎర్రబడేదాకా, స్క్విడ్ ఒక నిమిషం. తెరుచుకోని గుల్లను పక్కన పెట్టేయండి. ఆకుకూరలు ఎవరికి కావలసినవి వాళ్లు కొన్ని సెకన్లు ముంచి తీసుకోవాలి. సేమ్యాను కుండలో వేయకండి. పిండి కరిగి రసం చిక్కబడి పుల్లటి రుచి చచ్చిపోతుంది. గిన్నెలో సేమ్యా పెట్టుకుని పైన రసం పోసుకోవాలి.

'తోమ్ తిక్' అనే మాంటిస్ రొయ్యను, ఉత్తరాన 'బే బే' అంటారు, చేత్తో ఒలిస్తే వేళ్లు తెగుతాయి. కత్తెర అడిగి రెండు పక్కల అంచులూ తోక దాకా కత్తిరిస్తే పైపెంకు ఒక్క ముక్కగా లేస్తుంది.

ఒంటికి పడనివి

'సో హుయెత్' అనే రక్తం రంగు గుల్లలను సగం ఉడికించే తెస్తారు, అలవాటు ఉన్నవాళ్లు అలాగే ఇష్టపడతారు. పచ్చి గుల్లల నుంచి హెపటైటిస్-ఎ రావచ్చు. 'చిన్ కీ' అని చెప్పి బాగా ఉడికించమనండి. వేరుశనగ పడనివాళ్లు ఉల్లికాడ నూనె వంటలన్నింటికీ ముందే చెప్పాలి, 'జీ ఉంగ్' అంటే అలర్జీ. పంది మాంసం తిననివాళ్లు రెండుచోట్ల చూసుకోవాలి: ఫ్రైడ్ రైస్‌లో పంది సాసేజ్ ముక్కలు, ఉల్లికాడ నూనెలో పంది కొవ్వు. శాకాహారులు 'చాయ్' (శాకాహారం) అని చెప్పినా తూటికూరలో చేప సాసో, ఆయిస్టర్ సాసో పడుతుంది, అది వద్దని విడిగా చెప్పండి.

పిలుపు, బిల్లు

వడ్డించేవాళ్లు మీకంటే చిన్నవాళ్లయితే 'ఎమ్ ఓయ్', కాస్త పెద్ద వయసు మగవారైతే 'ఆన్ ఓయ్', ఆడవారైతే 'చీ ఓయ్' అని పిలవండి. వినబడేలా పిలవడం అక్కడ మర్యాద తక్కువేం కాదు. బిల్లుకు 'తిన్ తియెన్'.

బిల్లులో ప్రతి వరసకూ బరువు, కిలో ధర, మొత్తం ఉండాలి. మీ ఫోటోలతో సరిచూడండి. తడి తువ్వాలు, అడక్కుండా పెట్టిన వేరుశనగలు లెక్కలోకి రావచ్చు. ముట్టుకోనివి తీసేయమంటే తీసేస్తారు. కొన్నిచోట్ల వ్యాట్ విడిగా కలుపుతారు. టిప్ ఇవ్వాలన్న ఆనవాయితీ లేదు. నగదు ఇచ్చేటప్పుడు వెలుతురులో లెక్కపెట్టండి, 20,000 నోటూ 5,00,000 నోటూ రెండూ నీలం ఛాయలోనే ఉంటాయి.

బీరు తాగితే స్కూటర్ అక్కడే వదిలేయండి. 2020 జనవరి నుంచి వియత్నాంలో బండి నడిపేవారి ఒంట్లో మద్యం సున్నా ఉండాలి, ఒక్క గ్లాసుకూ జరిమానా తప్పదు. స్కూటర్‌ను రాత్రికి అక్కడే ఉంచుతామంటే చాలా రెస్టారెంట్లు ఒప్పుకుంటాయి. తాళం వేసి, గ్రాబ్ (ఫోన్ యాప్‌లో పిలిచే టాక్సీ) పిలుచుకుని వెళ్లి, పొద్దున తెచ్చుకోండి.